హృదయ ధమనుల వ్యాధి: జీవక్రియ ఆరోగ్యంతో దాని సంబంధం

గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనుల గోడల్లో కొవ్వు, కణజాలం, సున్నం పేరుకుని రక్తం పారే దారి ఇరుకు కావచ్చు. ఆ పూడిక పగిలి, అక్కడే రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోవచ్చు. ఈ రెంటినీ కలిపి హృదయ ధమనుల వ్యాధి అంటారు. ‘గుండెలో బ్లాకులు’ అని జనం చెప్పుకునేది దీన్నే. నడిస్తే ఛాతీ పట్టేయడం మొదలుకొని గుండెపోటు, గుండె వైఫల్యం, హఠాన్మరణం దాకా దీని రూపాలు అనేకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో గుండె, రక్తనాళాల జబ్బులతో 1.79 కోట్ల మంది చనిపోయారు. అందులో 85 శాతం గుండెపోటు, పక్షవాతం వల్లే.

తిన్న ఆహారాన్ని శరీరం శక్తిగా మార్చుకోవడం, మిగిలినదాన్ని దాచుకోవడం, అవసరమైనప్పుడు బయటికి తీసుకోవడం సాఫీగా సాగితే జీవక్రియ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఆచరణలో దీన్ని ఐదు కొలతలతో అంచనా వేస్తారు: రక్తంలో గ్లూకోజు, ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్ కొలెస్ట్రాల్, రక్తపోటు, నడుము చుట్టుకొలత. బ్లాకు అన్నది ఒకచోట కంటికి కనిపించే ఫలితం. దాన్ని పెంచి పోషించిన లోపం చాలామందిలో ఒళ్లంతా ఉంటుంది. ఏ చికిత్స దేనికి పనిచేస్తుందో ఈ తేడాను బట్టే తెలుస్తుంది.

ధమనుల అమరిక (చూ. గుండె, రక్తప్రసరణ)

గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని మొదట్లోనే రెండు కరోనరీ ధమనులు చీలుతాయి. ఎడమది కొద్ది దూరం వెళ్లి రెండు శాఖలవుతుంది. ఒకటి గుండె ముందు గోడ మీదుగా దిగుతుంది, రెండోది పక్కగా వెనక్కి తిరుగుతుంది. కుడి ధమని చాలామందిలో గుండె అడుగు భాగానికి రక్తం ఇస్తుంది. ఇవన్నీ మొదట్లో మూడు, నాలుగు మిల్లీమీటర్ల వెడల్పుండే సన్నని గొట్టాలు.

గుండె కండరానికి ఒక ప్రత్యేకత ఉంది. శరీరంలోని మిగతా భాగాలు తమ దగ్గరికి వచ్చిన రక్తం నుంచి సగటున పాతిక శాతం ఆక్సిజన్ తీసుకుంటే, గుండె విశ్రాంతిలోనే 70 శాతం పైన పీల్చేస్తుంది. మెట్లెక్కినప్పుడు అదనపు ఆక్సిజన్ కావాలంటే రక్తప్రవాహం పెరగాల్సిందే, వేరే మార్గం లేదు. పైగా ఎడమ జఠరికకు రక్తం ఎక్కువగా అందేది గుండె వదులయ్యే క్షణాల్లోనే. వేగంగా కొట్టుకునేకొద్దీ ఆ వ్యవధి తగ్గిపోతుంది. ధమని వెడల్పులో 70 శాతం పూడినా కూర్చున్నప్పుడు ఏమీ తెలియకుండా, నడక మొదలుపెట్టగానే నొప్పి రావడానికి కారణం ఇదే.

చరిత్ర

ఈ నొప్పిని వ్యాధిగా గుర్తించి ఆంజైనా పెక్టోరిస్ అని పేరు పెట్టినవాడు లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్. ఆయన 1768లో చేసిన ప్రసంగం 1772లో అచ్చయింది. నడుస్తుంటే, అందులోనూ ఎత్తు ఎక్కుతుంటే, తిన్న కాసేపటికి నడిస్తే ఛాతీలో వచ్చే బాధ, ఆగి నిలబడగానే తగ్గిపోతుందని ఆయన గమనించాడు. ఇవాళ కార్డియాలజిస్టు రోగిని అడిగే మొదటి ప్రశ్నలు కూడా ఇంచుమించు ఇవే. దానికి కారణం ధమనుల్లో ఉందన్న సంగతి మాత్రం ఆయన వర్ణనలో లేదు.

1912లో అమెరికన్ వైద్యుడు జేమ్స్ హెరిక్, ధమనిలో రక్తం గడ్డకట్టినా రోగి బతికి ఉండవచ్చని చూపించాడు. ఆ మరుసటి ఏడాది రష్యాలో నికొలాయ్ అనిచ్‌కోవ్ కుందేళ్లకు కొలెస్ట్రాల్ తినిపించి వాటి ధమనుల్లో పూడిక పుట్టించాడు. 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 5,209 మందితో మొదలైన అధ్యయనం పొగ, రక్తపోటు, కొలెస్ట్రాల్‌లను ‘ముప్పు కారకాలు’గా స్థిరపరిచింది. కొరియా యుద్ధంలో చనిపోయిన అమెరికన్ సైనికుల గుండెలను పరీక్షించిన వైద్యులు 1953లో ప్రకటించిన విషయం అందర్నీ ఉలిక్కిపడేలా చేసింది. సగటున 22 ఏళ్ల వయసున్న ఆ 300 మందిలో 77 శాతానికి ధమనుల్లో వ్యాధి ఆనవాళ్లు కనిపించాయి.

చికిత్స చరిత్ర ఇంకా ఈ మధ్యది. 1958లో క్లీవ్‌లాండ్‌లోని ఓ ఆసుపత్రిలో మేసన్ సోన్స్ పరీక్ష చేస్తుండగా గొట్టం జారి కుడి కరోనరీ ధమనిలోకి వెళ్లి, రంగు అక్కడే విడుదలైంది. రోగికి ప్రాణాపాయం తప్పింది. ధమనుల లోపలి దారిని ఎక్స్‌రేలో చూపే యాంజియోగ్రామ్‌కు దారి దొరికింది. 1967లో అదే ఆసుపత్రిలో రెనే ఫవలోరో కాలి సిరతో బైపాస్ చేశాడు. 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ బెలూన్‌తో ధమనిని వెడల్పు చేశాడు. 1986లో ఫ్రాన్సులో మొదటి స్టెంటు పడింది. జపాన్‌లో అకిరా ఎండో బూజు నుంచి వేరుచేసిన పదార్థం కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులకు మూలమైంది. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ కణికలను కణాలు ఎలా లోపలికి తీసుకుంటాయో తేల్చిన మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టైన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది.

మధుమేహం, ఊబకాయం, బీపీ, కొవ్వులు ఒకే మనిషిలో గుంపుగా కనబడుతున్నాయన్న గమనింపు పాతదే. వాటన్నిటి వెనక ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్ మాటను కణాలు సరిగా వినకపోవడం) ఉందని 1988లో గెరాల్డ్ రీవెన్ తన బాంటింగ్ ఉపన్యాసంలో వాదించి, ఆ గుంపుకు ‘సిండ్రోమ్ ఎక్స్’ అని పేరు పెట్టాడు. అదే తర్వాత మెటబాలిక్ సిండ్రోమ్ అయింది.

పూడిక పుట్టే తీరు (చూ. అథిరోస్క్లెరోసిస్)

ఎల్‌డీఎల్ కణికలు ధమని లోపొర దాటి గోడలోకి చొరబడి అక్కడ చిక్కుకుంటాయి. వాటిలో మార్పు వస్తుంది. ఆ మార్పును ప్రమాదంగా భావించి తెల్ల రక్తకణాలు లోపలికి వచ్చి వాటిని మింగుతాయి, మింగి అక్కడే ఉండిపోతాయి. కొవ్వు నిండిన ఈ కణాలు పోగై పసుపు చారల్లా కనిపిస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ కండర కణాలు పైకి వచ్చి పీచుతో ఒక కప్పు వేస్తాయి, మధ్యలో చనిపోయిన కణాల, కొవ్వుల ముద్ద మిగులుతుంది.

పూడిక పెరుగుతున్నప్పుడు ధమని మొదట బయటికి సాగుతుంది. గోడలో పూడిక 40 శాతానికి చేరేదాకా లోపలి దారి పెద్దగా తగ్గదని 1987లో సేమూర్ గ్లాగోవ్ బృందం చూపింది. అంటే యాంజియోగ్రామ్‌లో నునుపుగా కనిపించిన చోట కూడా గోడలో జబ్బు ఉండవచ్చు. మందమైన కప్పు ఉన్న పెద్ద పూడిక నొప్పి తెస్తుంది. పలుచని కప్పు ఉన్నది, అది చిన్నదైనా సరే, పగిలితే గుండెపోటు తెస్తుంది. మిల్లీమీటరులో పదిహేనో వంతు కంటే పలుచనైన కప్పును ప్రమాదకరంగా లెక్కిస్తారు. ట్రెడ్‌మిల్ పరీక్ష బాగానే వచ్చిన మనిషికి వారం తిరక్కుండా గుండెపోటు వస్తే బంధువులు పరీక్షను తప్పుపడతారు. ఆ పరీక్ష చూసేది ఇరుకును మాత్రమే, పగలబోయే పూడికను అది పసిగట్టలేదు.

జీవక్రియ లోపం ధమనిని దెబ్బతీసే మార్గాలు (చూ. ఇన్సులిన్, కాలేయం)

చర్మం కింద కొవ్వు దాచుకునే చోటు నిండిపోయాక, మిగిలింది పొట్టలో పేగుల చుట్టూ, కాలేయంలో, కండరాల్లో చేరుతుంది. ఆ కొవ్వు వల్ల ఇన్సులిన్ మాటను కణాలు సరిగా వినవు. క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ విడుదల చేస్తుంది. గ్లూకోజు చాలా ఏళ్లు మామూలుగానే ఉంటుంది, కానీ ధమనికి జరగాల్సిన నష్టం అప్పటికే మొదలవుతుంది.

కాలేయం ట్రైగ్లిజరైడ్లు నిండిన పెద్ద కణికలను ఎక్కువగా రక్తంలోకి వదులుతుంది. అవి హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్ కణికలతో కొవ్వులను ఇచ్చిపుచ్చుకుంటాయి. ఫలితంగా హెచ్‌డీఎల్ తగ్గుతుంది, ఎల్‌డీఎల్ కణికలు చిన్నవై, సంఖ్యలో పెరుగుతాయి. ఇక్కడే రిపోర్టు చదవడంలో పొరపాటు జరుగుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. మొత్తం కొలెస్ట్రాల్ 185, ట్రైగ్లిజరైడ్లు 240, హెచ్‌డీఎల్ 32 అనుకుందాం. ల్యాబు సూత్రం ప్రకారం ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు, అంటే 48, హెచ్‌డీఎల్ 32 తీసేస్తే ఎల్‌డీఎల్ 105 వస్తుంది. మొత్తం 200 లోపు, ఎల్‌డీఎల్ కాస్త ఎక్కువ. ‘కొలెస్ట్రాల్ నార్మలే’ అని కాగితం మడిచి పెట్టేస్తారు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ ఒక్కటే తీసేస్తే 153 మిగులుతుంది. ధమనిలో చిక్కుకోగల కొలెస్ట్రాల్ అంతా అదే. మధుమేహం ఉన్నవారిలో అది కనీసం 130 లోపు ఉండాలని చెబుతారు. ఇలా మిగిలినదాన్ని నాన్-హెచ్‌డీఎల్ అంటారు. విడిగా డబ్బు కట్టక్కర్లేదు, ఒక తీసివేత చాలు. అపోలైపోప్రొటీన్-బి పరీక్ష చేయిస్తే కణికల సంఖ్యే నేరుగా తెలుస్తుంది.

మిగతా మార్గాలు క్లుప్తంగా ఇవి: ధమని లోపొర విడుదల చేసే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గి, నాళం వదులవడం మందగిస్తుంది. మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచుతాయి, రక్తపోటు పెరుగుతుంది. గడ్డను కరిగించే వ్యవస్థ నెమ్మదిస్తుంది. సన్నని మంటలాంటి వాపు ఒళ్లంతా కొనసాగుతుంది. గ్లూకోజు బాగా పెరిగాక అది ప్రోటీన్లకు అతుక్కుని నాళాలను బిరుసుగా మారుస్తుంది.

మెటబాలిక్ సిండ్రోమ్: కొలతలు, అభ్యంతరాలు

2009లో పలు అంతర్జాతీయ సంస్థలు అంగీకరించిన నిర్వచనం ప్రకారం ఐదింటిలో మూడు ఉంటే మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నట్టు. పరగడుపు గ్లూకోజు 100 మి.గ్రా. లేదా అంతకంటే ఎక్కువ, ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఎక్కువ, హెచ్‌డీఎల్ మగవారిలో 40, ఆడవారిలో 50 కంటే తక్కువ, రక్తపోటు 130/85 లేదా ఎక్కువ, నడుము పెద్దది కావడం. దక్షిణాసియా వారికి నడుము హద్దు మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు. వీటికి మందులు వాడుతున్నా ఆ అంశం ఉన్నట్టే లెక్క.

నడుము కొలవడం తేలికే అనిపిస్తుంది కానీ తప్పులు జరిగేది అక్కడే. ప్యాంటు కొలత పనికిరాదు, చాలామంది బెల్టును పొట్ట కింద కడతారు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ మధ్యన, బట్ట మీద కాకుండా, మామూలుగా ఊపిరి వదిలాక టేపు చుట్టాలి. టేపు చూడగానే పొట్ట లోపలికి లాగేయడం మనిషి నైజం. కొలిచేవారు ఒక మాట మాట్లాడించి, ఊపిరి వదిలాక చదవడం మంచిది.

ఈ సిండ్రోమ్ అసలు ఒక వ్యాధేనా అన్న వాదన ఉంది. విడివిడి అంశాల ముప్పును కూడితే వచ్చేదానికంటే ఈ పేరు కొత్తగా చెప్పేదేమీ లేదని 2005లో అమెరికా, ఐరోపా మధుమేహ సంఘాలు ఉమ్మడిగా ప్రశ్నించాయి. అభ్యంతరంలో బలముంది. అయినా ఒకటి కనబడితే మిగతా నాలుగూ వెతకాలన్న అలవాటును ఈ పేరు వైద్యులకు నేర్పింది. 2023లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మూత్రపిండాలను కూడా కలిపి ‘గుండె-మూత్రపిండ-జీవక్రియ సిండ్రోమ్’ అనే విస్తృతమైన చట్రాన్ని ప్రతిపాదించింది.

బరువు ఒక్కటే చూస్తే మన దేశంలో మోసపోతాం. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో తమ ఫొటోనే పక్కపక్కన పెట్టి లాన్సెట్‌లో ప్రచురించారు. ఇద్దరి బాడీ మాస్ ఇండెక్సూ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం.

మధుమేహం (చూ. మధుమేహం, రెండో రకం)

మధుమేహం ఉండి ఇంకా గుండెపోటు రానివారికి, మధుమేహం లేకుండా ఒకసారి గుండెపోటు వచ్చినవారితో సమానమైన ముప్పు ఉందని 1998లో ఫిన్‌లాండ్ అధ్యయనం చెప్పింది. ఆ సమానత్వం అందరికీ వర్తించదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. జబ్బు ఎన్నేళ్లుగా ఉంది, మూత్రంలో ప్రోటీన్ పోతోందా అన్నవాటిని బట్టి ముప్పు మారుతుంది. ఈ రోగుల్లో నరాలు దెబ్బతినడం వల్ల గుండెపోటు నొప్పి లేకుండా రావచ్చు. ఆయాసం, చెమటలు, నీరసమే లక్షణాలుగా ఉంటాయి.

గ్లూకోజును ఎంత దించితే గుండెకు అంత మేలనుకున్నారు. ఆ ఊహను పరీక్షించిన అకార్డ్ అధ్యయనంలో 10,251 మంది ఉన్నారు. కఠినంగా షుగర్ తగ్గించిన వర్గంలో మరణాలు పెరగడంతో 2008లో ఆ భాగాన్ని ముందే ఆపేశారు. దీనికి భిన్నంగా డెన్మార్క్‌లో స్టెనో-2 అధ్యయనం గ్లూకోజు, రక్తపోటు, కొవ్వులు, జీవనశైలి అన్నిటినీ ఒకేసారి పట్టించుకుంది. అందులో ఉన్నది 160 మందే. అయినా గుండె, రక్తనాళాల ఘటనలు ఇంచుమించు సగానికి తగ్గాయి. గుంపుగా వచ్చిన లోపాలకు చికిత్స కూడా గుంపుగానే ఉండాలనడానికి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

జీవక్రియకు వెలుపలి కారణాలు

పొగాకు, వయసు, వంశపారంపర్యం, మూత్రపిండ వ్యాధి, కలుషిత గాలి, రక్తంలో ఎంత ఉండాలో పుట్టుకతోనే నిర్ణయమయ్యే లైపోప్రొటీన్(ఎ) అనే కొవ్వు కణిక ముఖ్యమైనవి. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం, మార్చుకోదగ్గ తొమ్మిది అంశాలే మొదటి గుండెపోటు ముప్పులో సుమారు 90 శాతానికి కారణమని లెక్కగట్టింది. అందులో దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53 ఏళ్లు, ఇతరులకు 59.

ఇన్సులిన్ బాగుంటే ఎల్‌డీఎల్ ఎంతున్నా ఫర్వాలేదన్న ప్రచారం ఈమధ్య వినబడుతోంది. దానికి ఆధారం లేదు. పుట్టుకతో ఎల్‌డీఎల్ విపరీతంగా ఉండే కుటుంబాల్లో షుగరూ పొట్టా లేకుండానే చిన్న వయసులో గుండెపోట్లు వస్తాయి.

రకాలు, నిర్ధారణ

శ్రమపడితే వచ్చి విశ్రాంతితో తగ్గేది స్థిరమైన ఆంజైనా. కూర్చున్నా వచ్చేది, రోజురోజుకూ పెరిగేది అస్థిరమైనది. కండరం చనిపోవడం మొదలైతే అది గుండెపోటు. పెద్ద ధమనుల్లో బ్లాకు లేకుండా సూక్ష్మనాళాల లోపం వల్ల వచ్చే నొప్పి ఆడవారిలో, మధుమేహుల్లో ఎక్కువ. అలాంటివారిని ‘యాంజియోగ్రామ్ క్లియర్’ అని పంపేయడం సరికాదు.

మన ఇళ్లలో ఆలస్యానికి పెద్ద కారణం గ్యాస్ అనుకోవడం. ఛాతీ మధ్య బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చెమటలు ఉంటే సోడా తాగి చూడటం కంటే ఈసీజీ తీయించడం ముఖ్యం. మొదటి ఈసీజీ మామూలుగా ఉండి, తర్వాతి దానిలో తేడా బయటపడటం మామూలే. ట్రోపోనిన్ రక్తపరీక్షను గంటల తేడాతో మళ్లీ చేసేది అందుకే. స్థిరమైన రోగుల్లో ఎకో, ట్రెడ్‌మిల్, సీటీ యాంజియోగ్రామ్ వాడతారు. సీటీలో సున్నం లెక్క సున్నా వస్తే దగ్గరి కాలపు ముప్పు తక్కువని అర్థం, వ్యాధి అసలే లేదని కాదు.

చికిత్స (చూ. యాంజియోప్లాస్టీ, బైపాస్ శస్త్రచికిత్స)

ధమని పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటులో నిమిషాలే లెక్క. ఆసుపత్రికి చేరాక 90 నిమిషాల్లోపు యాంజియోప్లాస్టీ చేయాలన్నది ప్రమాణం. అది 120 నిమిషాల్లో కుదరని ఊళ్లో ఉంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి పెద్దాసుపత్రికి పంపుతారు. ఇక్కడ స్టెంటు ప్రాణం నిలుపుతుంది.

స్థిరమైన వ్యాధిలో కథ వేరు. 2007లో వెలువడిన కరేజ్, 5,179 మందితో జరిగి 2020లో అచ్చయిన ఇస్కీమియా అధ్యయనాలు, మంచి మందుల చికిత్సకు స్టెంటునో బైపాస్‌నో మొదట్లోనే జోడిస్తే నొప్పి తగ్గుతుందే తప్ప మరణాలు తగ్గలేదని చూపాయి. ఎడమ ప్రధాన ధమనిలో బ్లాకు ఉన్నవారిని ఇస్కీమియాలో చేర్చుకోలేదు. వారికి ఈ ఫలితం వర్తించదు. మధుమేహంతో పాటు ఎక్కువ ధమనుల్లో బ్లాకులు ఉంటే స్టెంట్ల కంటే బైపాస్ మేలని 2012లో ఫ్రీడమ్ అధ్యయనం తేల్చింది. స్టెంటు సరిచేసేది రెండు, మూడు సెంటీమీటర్ల మేర. బైపాస్ ధమనిలో చాలా భాగాన్ని దాటవేస్తుంది, అక్కడ రేపు పుట్టబోయే బ్లాకులతో సహా.

మందుల్లో స్టాటిన్లది మొదటి స్థానం. 4,444 మంది రోగులపై జరిగి 1994లో వెలువడిన స్కాండినేవియా అధ్యయనంలో సిమ్వాస్టాటిన్ మరణాలను 30 శాతం తగ్గించింది. స్టాటిన్లు మధుమేహం వచ్చే అవకాశాన్ని కొద్దిగా పెంచుతాయన్నదీ నిజమే. గుండె ముప్పు ఉన్నవారిలో లాభమే ఎక్కువ కనుక మానరాదు. షుగర్ మందుల్లో ఎంపాగ్లిఫ్లోజిన్ 2015లో, లిరాగ్లుటైడ్ 2016లో గుండె సంబంధిత మరణాలను తగ్గించినట్టు రుజువైంది. 2023లో సెలెక్ట్ అధ్యయనం సెమాగ్లుటైడ్‌తో మధుమేహం లేని అధిక బరువు హృద్రోగుల్లోనూ ప్రధాన ఘటనలు 20 శాతం తగ్గాయని చూపింది.

ఆహారం, శ్రమ

మన దేశంలో పెద్దలకు అందే శక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే చెబుతోంది. తెలుగువారి విషయంలో అందులో పెద్ద వాటా పాలిష్ పట్టిన సన్నబియ్యానిది. రాజేంద్రనగర్‌లో రూపొందించిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, అంటే తెలంగాణ సోనా, గ్లైసెమిక్ ఇండెక్స్ తక్కువని పేరు పొందింది. ‘షుగర్ ఫ్రీ రైస్’ అని బజారులో పిలవడం అతిశయోక్తి. పరిమాణం తగ్గించకుండా రకం మార్చితే ప్రయోజనం స్వల్పమే. కంచంలో అన్నం తగ్గి పప్పు, కూర, పెరుగు పెరగడం ఎక్కువ పనిచేస్తుంది. ఉప్పు రోజుకు 5 గ్రాములకు మించకూడదు. ఆవకాయ, అప్పడాలు, పొడులు ఆ లెక్కను సులువుగా దాటిస్తాయి. నూనెల్లో ట్రాన్స్ కొవ్వులు 2 శాతానికి మించరాదన్న నిబంధన 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. మళ్లీ మళ్లీ కాచే బజ్జీల మూకుడు దాని పరిధిలోకి రాదు.

వారానికి 150 నిమిషాల చురుకైన నడక, దానికి తోడు కండరాలకు పని చెప్పే వ్యాయామం ఇన్సులిన్ నిరోధకతను తగ్గిస్తాయి. బరువులో ఐదు నుంచి పది శాతం తగ్గినా ట్రైగ్లిజరైడ్లు, కాలేయ కొవ్వు, రక్తపోటు దిగుతాయి.

తెలుగు ప్రాంతాల్లో

ఇది పట్నవాసపు, డబ్బున్నవారి జబ్బన్న భావనను గోదావరి జిల్లాల పల్లెలే చెదరగొట్టాయి. తూర్పు, పశ్చిమ గోదావరుల్లోని 45 గ్రామాల్లో సుమారు లక్షా 80 వేల మంది జనాభాలో 2003-04లో జరిగిన మరణాలను ఆరా తీస్తే, 32 శాతం రక్తప్రసరణ వ్యవస్థ జబ్బుల వల్లేనని తేలింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేదలకు బైపాస్‌ను, స్టెంటును అందుబాటులోకి తెచ్చింది. హైదరాబాద్‌లో శాస్త్రవేత్త అబ్దుల్ కలాం, హృద్రోగ వైద్యుడు డాక్టర్ సోమరాజు కలిసి తక్కువ ధర స్టెంటు తయారుచేయించారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంటు ధరను 29,600 రూపాయలకు పరిమితం చేసింది. అమెరికాలో 2018 నాటి కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాలనే ముప్పును పెంచే అంశంగా చేర్చాయి. అక్కడి తెలుగువారికీ ఇది వర్తిస్తుంది.

ముప్పు ఎంత చిన్న వయసులో మొదలవుతుందో చెప్పే ఆధారం హైదరాబాద్ పరిసరాల్లోనే ఉంది. 1987-90 మధ్య 15 గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా రోజూ పెట్టారు. పక్కనున్న 14 గ్రామాల్లో ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వారయ్యాక జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు మళ్లీ వెతికి పరీక్షించారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు, వారిలో ఇన్సులిన్ నిరోధకత ఐదో వంతు తక్కువ, ధమనుల బిరుసూ తక్కువే. రక్తపోటులో, కొవ్వుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ కుటుంబాలపై పరిశీలన ఆ తర్వాత కూడా కొనసాగింది, తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడా అందులో చేర్చారు.